ముట్టుకోవద్దు

"లోకంలో కరెంటంతా లెక్కపెడతావు గానీ, బాత్రూంలో లైటు మాత్రం ఆర్పవు కదమ్మా," అంది మా అత్తగారు.

సోమవారం పొద్దున. నాకు ఒక చేతిలో నా కూతురి ఎడమ బూటు ఉంది, ఇంకో చేతిలో లంచ్ డబ్బా ఉంది, దాని మూత ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. తల ఇంకా తడిగానే ఉంది. "మళ్ళీ వెళ్తానుగా అత్తయ్యా, అప్పుడు ఆర్పుదామని," అన్నాను. మళ్ళీ ఎందుకు వెళ్తానో నాకే తెలియదు. మా ఆయన పేపరు వెనకాల నవ్వాడు. ఆవిడ లేచి వెళ్ళి లైటు ఆర్పి, వస్తూ వస్తూ డబ్బా మూత కూడా పట్టుకొచ్చింది. అది బాత్రూంలో ఎందుకు ఉందని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. నా ఉద్యోగం అదే. మా కంపెనీ చేతిరాత చదివే యంత్రాలను తయారుచేస్తుంది. డాక్టర్ల గీతలు, గుమాస్తాల గొలుసుకట్టు, వణికే చేతులతో ముసలివాళ్ళు నింపిన దరఖాస్తులు, అన్నీ లక్షల కొద్దీ చూపించి యంత్రానికి నేర్పాలి. ఆ నేర్పడం రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి సాగుతుంది. అన్నాళ్ళూ కింద అంతస్తులో కంప్యూటర్ పెట్టెలు కొలిమిలా కాలుతూనే ఉంటాయి, వాటిని చల్లబరచడానికి ఏసీలు మొత్తుకుంటూనే ఉంటాయి. ఏ ప్రోగ్రాం ఎంత కరెంటు తాగిందో పది సెకన్లకోసారి లెక్క తీస్తాను. ఆ గంటలో వచ్చిన కరెంటు బొగ్గుదా, ఎండదా, గాలిదా అని చూస్తాను. ఏసీల వాటా కలుపుతాను, అసలు ఆ పెట్టెలు తయారు చేసినప్పుడు వెలువడ్డ పొగలో ఒక వాటా కలుపుతాను. చివరికి ఒక సంఖ్య వస్తుంది. ఫలానా యంత్రం డాక్టరు గీతలు చదవడం నేర్చుకోవడానికి ఇన్ని కిలోల కార్బన్ గాలిలో కలిసింది అని. దీన్నంతా మా ఆయన చుట్టాలకి ఒక్క ముక్కలో చెప్పేస్తాడు. "మా ఆవిడ కంప్యూటర్లకి మీటర్ రీడింగ్ తీస్తుంది." చాలా ముద్దుగా చెప్తాడు. ముద్దుగా చెప్పిన మాట మీద పోట్లాడటం ఎంత కష్టమో పెళ్ళయిన ఆడవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఈ పని నేను ఏరి కోరుకున్నది కాదు. మూడేళ్ళ కిందటి దాకా నేను కూడా యంత్రాలకి నేర్పే బృందంలోనే ఉండేదాన్ని. కాన్పుకి ఆరు నెలలు సెలవు పెట్టి తిరిగొచ్చేసరికి బృందం లేదు. ఉంది గానీ, అందులో నా కుర్చీ లేదు. అప్పటి టీం లీడరు నన్ను చూసి ఎంతో దయగా, "మీకిప్పుడు తేలిక పని కావాలి కదా, ఐదింటికల్లా ఇంటికెళ్ళేలా చూశాం," అన్నాడు. తేలిక పని కావాలని నేను ఎవరినీ అడగలేదు. వద్దని కూడా అనలేదు. ఆ రోజుల్లో మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి రొమ్ములు రాళ్ళయ్యేవి, స్టోర్ రూములో అట్టపెట్టెల మధ్య పాలు పిండుకుంటూ, తలుపుకి వీపు ఆనించి కూర్చునేదాన్ని, గడియ లేదు కనక. అలాంటి మనిషి దేన్నయినా ఎదిరిస్తుందా! అలా కొలతల పని నా నెత్తిన పడింది. నా పాత బృందంలోనే ఒకతను ఉన్నాడు, ఆఫీసంతా గడ్డం అంటాం. అతను క్యాంటీన్లో అందరి ముందూ అన్నాడు, "వంట చేసేది మేము, గ్యాస్ ఎంత అయిందో చూసేది ఆవిడ." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, ఆ మధ్యాహ్నమంతా సరిగ్గా పనిచేయలేకపోయాను.

అయితే ఆ పని నాకు నచ్చింది. అదీ చెప్పాలి. దయతో పడేసిన ముక్కని ఇష్టపడటం మొదట్లో నాకే నామోషీగా ఉండేది. ఎవరూ చూడని చోట చూడటంలో ఒక సుఖం ఉంది. గదిలోకి అడుగుపెట్టగానే ఏ పెట్టె ఊరికే ఉందో, ఏది నిజంగా శ్రమపడుతోందో చప్పుడుని బట్టి చెప్పగలిగే దాకా వచ్చాను. ఇంతలో రోజులు మారాయి. మా యంత్రాలు కొనేవాళ్ళు "దీని కార్బన్ ఎంత?" అని అడగడం మొదలుపెట్టారు. నవ్విన వాళ్ళే నా బల్ల దగ్గరికి కాగితాలు పట్టుకుని రాసాగారు. ఈ ఏడాది కొలతల పనికి ఒక విభాగమే పెడుతున్నారు, నలుగురు మనుషులతో, ఒక పెద్దతో. శుక్రవారం నేను కమిటీ ముందు ఏడాది నివేదిక చదవాలి, ఆ పెద్ద ఎవరో ఆ రోజే తేలుస్తారు. నాకు ఆ పదవి కావాలి. 'ఇస్తే చేస్తాను' అనే మర్యాద మాట కాదు. కావాలి. ఇంత గట్టిగా ఒకటి కావాలనుకుని నాకు ఎన్నాళ్ళయిందో గుర్తు లేదు.

ఒకే ఒక్క చిక్కు. పోయిన నెల మా ఎలక్ట్రీషియన్‌తో కింద గదులకి విడివిడిగా గోడ మీటర్లు పెట్టించాను. ప్రోగ్రాములన్నిటి లెక్కా కూడితే వచ్చే మొత్తానికీ, గోడ మీటరు చూపించే మొత్తానికీ పొంతన కుదరడం లేదు. నూటికి పదకొండు తేడా. నూటికి ఒకటో రెండో అయితే కొలతల్లో మామూలే. పదకొండంటే ఎక్కడో ఏదో కాలుతోంది, నా జాబితాలో మాత్రం లేదు.

"నా మీటరు అబద్ధం ఆడదు మేడం," అన్నాడు ఎలక్ట్రీషియన్. రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి, చెవి వెనక ఎప్పుడూ ఒక పెన్సిల్ ఉంటుంది. "మీ లిస్టే ఏదో దాస్తోంది."

"నా లిస్టు నాకే దాస్తుందాండీ?"

"ఎవరి లిస్టు వాళ్ళకే కదా మేడం దాసేది."

మంగళవారం ఇద్దరం కింద అంతస్తులో పాత పెట్టెలున్న గదిలోకి దిగాం. అతను ఒక్కొక్క పెట్టె వెనకా అరచెయ్యి పెట్టి చూస్తూ వెళ్ళాడు, జ్వరం చూసినట్టు. ఎనిమిదో దాని దగ్గర ఆగాడు. "ఇది పనిచేస్తోంది." నేను జాబితా చూశాను. 'మరమ్మతులో ఉంది' అని ఉంది. మరమ్మతులో ఉన్నవాటిని లెక్కలోంచి వదిలెయ్యమని నా ప్రోగ్రాముకి నేనే చెప్పాను, రెండేళ్ళ కిందట. చెయ్యి పెట్టి చూశాను. కాలుతోంది. అక్కడే స్టూలు మీద కూర్చుని లోపల ఏం నడుస్తోందో తెరిచి చూశాను. ఒకే ఒక ప్రోగ్రాం. దాని పేరు 'ముట్టుకోవద్దు'. పెట్టినవాళ్ళ పేరు చూశాను. నాది.

పేరు మీద వేలు పెట్టి ఇంకోసారి చదివాను.

అప్పుడంతా గుర్తొచ్చింది. ఆ పెట్టెల్ని కూడా మేం యంత్రాలనే అంటాం. మా దగ్గర ఒక రూలు ఉంది, మూడు రోజులు ఊరికే ఉన్న యంత్రం ఉమ్మడి కోటాలోకి పోతుంది, ఎవరికి కావలిస్తే వాళ్ళు తీసుకుంటారు. ఒకసారి పోతే తిరిగి రావడానికి నెలల తరబడి వరసలో నిలబడాలి. అందుకని మా వాళ్ళు ఒక పని చేస్తుంటారు. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకుంటారు చూడండి, అలా, యంత్రం మీద ఒక ఉత్తుత్తి ప్రోగ్రాం పెట్టి వెళ్ళిపోతారు. నేను సెలవు మీద వెళ్ళే ముందు రోజు టీం లీడరు, "హాయిగా వెళ్ళిరండి, ఇక్కడి సంగతి మేం చూసుకుంటాంలెండి," అన్నాడు. ఆ మాటతో నా చోటు పోతుందేమోనని భయం పట్టుకుంది. బల్లకి పొట్ట అడ్డం వస్తుంటే పక్కకి తిరిగి కూర్చుని పధ్నాలుగు లైన్లు రాశాను. రెండు పెద్ద పెద్ద అంకెల పట్టికలు తీసుకో, ఒకదానితో ఒకటి గుణించు, వచ్చిన జవాబు పారెయ్యి, మళ్ళీ మొదలుపెట్టు. ఎవరూ కదపకుండా 'మరమ్మతులో ఉంది' అని కూడా తగిలించాను. ఆరు నెలల్లో వస్తాను, నా యంత్రం నాకుంటుంది, నా పని నాకుంటుంది. అంతే అనుకున్నాను. వచ్చాక నా పనే లేదు. లేని పనికి యంత్రమెందుకని ఆ వైపే తొంగిచూడలేదు. మరిచిపోయానని చెప్పుకోవచ్చు గానీ, అది పూర్తి నిజం కాదు. ఆ పాత ఖాతా తెరవాలంటే నాకు సిగ్గుగా ఉండేది, మానేసిన సంగీతం పుస్తకం తెరవాలంటే ఉంటుందే, ఆ సిగ్గు.

తేదీ చూశాను. మూడేళ్ళ రెండు నెలలు. నా కూతురి కంటే పదకొండు రోజులు పెద్దది ఆ ప్రోగ్రాం. పిల్ల బోర్లా పడింది, పాకింది, నడిచింది, ఇప్పుడు వాళ్ళ నాన్నమ్మతో వాదనకి దిగుతోంది. అది మాత్రం అవే రెండు పట్టికలు గుణించి పారేస్తూనే ఉంది. ఆ పెట్టెలో లెక్కలు చేసే ఎనిమిది కార్డులు, రాత్రనక పగలనక, ఏసీలతో సహా. అక్కడే కాగితం మీద లెక్క వేశాను. నలభై మూడు టన్నుల కార్బన్. మా ఇల్లు ఇరవై నాలుగేళ్ళు వాడుకునే కరెంటు.

"ఏమైంది మేడం, మొహం అలా అయిపోయింది?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"నాదేనండి ఇది."

అతను చెవి వెనక పెన్సిల్ తీసి, మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు. నేను అంకెలన్నీ రాసుకుని, ప్రోగ్రాముని ఆపమని కొట్టాను. ఫ్యాన్ల చప్పుడు సన్నగిల్లి, ఆగిపోయింది. ఏమవుతుందా అని ఇద్దరం కాసేపు అలాగే నిలబడ్డాం. ఏమీ కాలేదు. ఎవరూ ఫోన్ చేయలేదు, ఏ పనీ ఆగలేదు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ పధ్నాలుగు లైన్లు ఒక్క యంత్రం మీదేనా నేను పెట్టింది? ఉద్యోగం చేసే కోడలు కదా, ఏదో చేసినంత, అని మా ఆయన మేనత్త ఒకసారి అన్న మాటకి, నేను మూడేళ్ళు ప్రతి ఆదివారం ఇంట్లో కిటికీ తెరలన్నీ విప్పి ఉతికాను. మురికి లేని తెరలు. ఎవరూ ఉతకమనలేదు, ఉతికానని ఎవరూ చూడలేదు. పని కాదు అది, ఉన్నానని చూపించుకోవడం. ఆఫీసులో ఎవరైనా నా బల్ల పక్కగా వెళ్తే కీబోర్డు మీద వేళ్ళు ఆడించడం, పిల్లకి జ్వరమని చెప్పి వెళ్ళిన రోజు ఇంటి నుంచి అవసరం లేని మెయిల్ ఒకటి పంపడం, అత్తగారు వంటింట్లోకి వస్తే కూర్చున్నదాన్ని లేచి ఊరికే ఒక గిన్నె కడగడం. గుణించు, పారెయ్యి, మళ్ళీ మొదలుపెట్టు. ఎంత కాలి ఉంటాను నేను! దాన్ని కొలిచే మీటరు నా దగ్గర లేదు. ఉంటే మాత్రం చూసే ధైర్యం ఉండేదా అని కూడా అనుకున్నాను.

మా ఆయన బస్సుల సంస్థలో టైం టేబుళ్ళు వేస్తాడు. ఇంటికొచ్చి, ఉతికిన బట్టలు మడతపెడుతూ చెప్తే వెంటనే అర్థమైంది అతనికి. "మా దగ్గరా ఉంటాయి. రూటు పోతుందని ఖాళీ బస్సులు తిప్పుతాం," అన్నాడు. తన చొక్కాలు నా వైపుకి జరిపి, పిల్ల గౌన్లు తను తీసుకున్నాడు. అవి చిన్నవి, త్వరగా అయిపోతాయి. "ఆపేశావుగా? ఇంకేంటి బాధ?"

"శుక్రవారం చెప్పాలి కదా."

"చెప్పు. తేడా దొరికింది, సరిచేశాం అని చెప్పు. 'పాత యంత్రం ఒకటి' అను. నీ పేరెందుకు మధ్యలో? ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు."

"నీకు తెలిస్తే నష్టమేముంది?" అన్నాడు నిజంగానే ఆశ్చర్యపోతూ. "ఇన్నాళ్ళకి ఒక అవకాశం వచ్చింది. తవ్వి తలకెత్తుకుంటానంటావేంటి? నీ మంచికే చెప్తున్నాను."

నా మంచికే చెప్తున్నాడు, అందులో అబద్ధం లేదు. అతని చొక్కా చేతులు మడుస్తూ నేను కూడా సగం ఒప్పేసుకున్నాను. 'పాత యంత్రం ఒకటి' అని రాస్తే అందులో అబద్ధమేముంది? మర్నాడు పొద్దున నిజంగానే అలా రాశాను కూడా.

కానీ నాది ఒక్కటే అయితే పదకొండు రాదు. రెండు వస్తుంది. మిగతా తొమ్మిదీ ఎక్కడ? బుధవారమంతా వెతికాను. వెతకడం కష్టం కాలేదు. నిజంగా నేర్చుకుంటున్న యంత్రం కరెంటు గీత ఎగుడుదిగుడుగా ఉంటుంది, తడబడుతుంది, ఆగుతుంది, మళ్ళీ లేస్తుంది. ఉత్తుత్తిగా గుణించేదాని గీత స్కేలు పెట్టి గీసినట్టుంటుంది. అలాంటి గీతలు ఇంకా ఎనిమిది దొరికాయి. ఎనిమిదికి ఎనిమిదీ 'మరమ్మతులోనే' ఉన్నాయి. నేను కనిపెట్టాననుకున్న కిటుకు అందరికీ తెలిసిందేనన్నమాట. పెట్టినవాళ్ళ పేర్లూ, తేదీలూ వరసగా రాసుకుని మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఒకామె వీడ్కోలు విందులో నేను కేకు పంచాను. ఒకామెకి కవలలు. అయిదుగురు కాన్పుకి వెళ్ళేముందు రోజో, అంతకు ముందు రోజో పెట్టినవాళ్ళే. ఆరో ఆమె తల్లికి ఆపరేషనని నాలుగు నెలలు వెళ్ళింది. ఏడోవాడు వెన్నుకి ఆపరేషన్ చేయించుకున్న కుర్రాడు. అయిదుగురిలో ఇద్దరు తిరిగి రానే లేదు, ఉద్యోగం మానేశారు. వాళ్ళు పెట్టిన తువ్వాళ్ళు మాత్రం ఇంకా సీటు కాస్తూనే ఉన్నాయి. ఎనిమిదో పేరు గడ్డం. పెళ్ళికి పదిహేను రోజులు సెలవు. వచ్చి ఏడాదయింది, తియ్యలేదు.

పొద్దున రాసిన 'పాత యంత్రం ఒకటి' కొట్టేశాను. కారణం అనే చోట, నివేదికల్లో ఎవరూ వాడని మాటతో మొదలుపెట్టాను. 'నేను' అని.

శుక్రవారం. మా డైరెక్టరుగారికి ఏ కాగితమిచ్చినా చివరి పేజీ నుంచి చదివే అలవాటు. అద్దాలు ముక్కు చివరకి జార్చుకుని చదివారు, వెనక్కి తిప్పారు, ఇంకో పేజీ వెనక్కి తిప్పారు. బల్ల చుట్టూ ఏడుగురున్నారు.

"ఈ నలభై మూడు టన్నులు మీరేనా?" అన్నారు.

"నేనేనండి."

"ఇది బయటపెట్టాల్సిన అవసరం ఏమొచ్చింది? మీటరు తేడా అని వెయ్యొచ్చుగా."

"వెయ్యొచ్చండి. కానీ వచ్చే ఏడు మళ్ళీ అదే తేడా వస్తుంది. ఇంకో ఎనిమిది ఉన్నాయి."

నా పాత బృందం తరఫున కమిటీలో కూర్చున్న గడ్డం ముందుకి వంగాడు. "సార్, ఏమనుకోకండి. వృథా ఎంతయిందో కొలిచే మనిషే ఇంత వృథా చేస్తే, రేపు ఆ విభాగానికి పెద్దగా ఆవిడ చెప్పే లెక్క ఎవరు నమ్ముతారు? ఆ ఎనిమిదీ ఎవరివో కూడా తెలియాలి. పేర్లు చదవమనండి." అతని గొంతులో ఎక్కడా వణుకు లేదు. అప్పుడర్థమైంది నాకు, తనది ఒకటుందని అతనికి గుర్తే లేదు. నేనూ నాలుగు రోజుల కిందట అలాగే ఉన్నాను.

అతని పేరు నా నాలుక చివర దాకా వచ్చింది. వంటలు మీవి, గ్యాస్ లెక్క నాది, వినండి మరి, అందామనిపించింది. ఆ సరదా ఎంత తియ్యగా ఉండేదో ఇప్పటికీ ఊహించుకుంటూ ఉంటాను. మింగేశాను. "నా పేరు రాశానండి. మిగతావాళ్ళ పేర్లు రాయను. ఎవరెవరు పెట్టారన్నది కాదు, ఎప్పుడు పెట్టారన్నది చూడండి, నాలుగో పేజీలో ఉంది. తొమ్మిదికి తొమ్మిదీ సెలవు మీద వెళ్ళేముందు పెట్టినవే. అందులో ఆరు కాన్పు సెలవులు. ఒకటి మాత్రం పెళ్ళి సెలవు, పదిహేను రోజులు."

గడ్డం చెయ్యి నెమ్మదిగా గడ్డం మీదికి వెళ్ళింది. వెనక్కి వాలి కూర్చున్నాడు.

డైరెక్టరుగారు నాలుగో పేజీ చాలాసేపు చూశారు. "సరే, మరి దీన్ని తగ్గించాలంటే ఏం చెయ్యాలంటారు? కొత్త రకం కార్డులు కొనాలా? ఏసీలు మార్చాలా? పోయినసారి వచ్చిన కన్సల్టెంటు ఏదో పెద్ద పథకం చెప్పాడు."

"ఏమీ కొనక్కర్లేదండి. సెలవు మీద వెళ్ళే మనిషికి, తిరిగొచ్చేసరికి నీ కుర్చీ నీదే, నీ పని నీదే అని ఒక కాగితం ముక్క రాసిస్తే చాలు. ఆ కాగితం లేకపోవడం వల్ల మనం ఏడాదికి కాలుస్తున్నది మొత్తంలో పదకొండో వంతు... కాదు, నూటికి పదకొండు," అన్నాను. తడబడ్డాను. కానీ ఎవరూ నవ్వలేదు. "యంత్రాలు భయంతో కాలుతున్నాయండి, పనితో కాదు."

కాసేపటికి ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆ కాగితం మీరే రాసి తీసుకురండి. రెండు వాక్యాలకి మించకూడదు." లేవబోతూ అన్నారు, "విభాగం సంగతి... ఆరు నెలలు తాత్కాలికంగా మీరే చూడండి. తర్వాత చూద్దాం." తాత్కాలికమట! పుట్టింట్లోనూ, అత్తింట్లోనూ, ఆఫీసులోనూ తాత్కాలికంగా ఉండటంలో నాకున్న అనుభవం ఆయనకేం తెలుసు? మెట్లు దిగుతుంటే మొహంలోంచి నవ్వు పోవడం లేదు. ఆ మధ్యాహ్నం నా తెర మీద కింద గదుల గీతలు ఒక్కొక్కటే నేలకి దిగుతుంటే చూస్తూ కూర్చున్నాను. మాట ఆఫీసంతా పాకింది, ఎవరిది వాళ్ళే ఆపేస్తున్నారు. రెండింటికి ఒకటి, రెండున్నరకి రెండు. నాలుగున్నరకి గడ్డం నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఆ పెళ్ళి సెలవుది ఎవరిదో మీకు తెలుసా?" అన్నాడు. "తెలీదు," అన్నాను. "ఇప్పుడది లేదు," అన్నాడు. కాస్త ఆగి, "థాంక్సండి," అని వెళ్ళిపోయాడు. మూడేళ్ళలో అతను నన్ను 'అండి' అనడం అదే మొదటిసారి. మానేసిన ఇద్దరివీ నేనే ఆపాను, వాళ్ళకి ఫోన్ చేసి చెప్పి మరీ. ఒకామె ఫోన్లో చాలాసేపు నవ్వింది, తర్వాత ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

శనివారం మధ్యాహ్నం. పిల్ల తిని నిద్రపోయింది. మా ఆయనా నేనూ బల్ల దగ్గర తింటున్నాం. "మొత్తానికి పేరు పెట్టేశావన్నమాట," అన్నాడు అతను, తను గెలిచాడో ఓడాడో తేల్చుకోలేని మొహంతో. "పోనీలే, తాత్కాలికమైనా పదవి పదవే. ఆదివారం తెరలు ఉతకడంలో సాయం చేస్తాలే."

"తెరలు ఉతకను," అన్నాను.

"మాసిపోతే?"

"మాసిపోయినప్పుడు చూద్దాం. అప్పుడు నువ్వు విప్పు, నేను ఆరేస్తాను."

అతను నన్ను ఒకసారి చూసి, "సరే," అని పప్పు గిన్నె అందుకున్నాడు. వంటింట్లోంచి మా అత్తగారి గొంతు వచ్చింది. "ఏమిటమ్మా, ఆఫీసులో ఏదో అయిందట? వాడేదో చెప్పాడు, నాకు తలా తోకా తెలీలేదు. నీ పేరు నువ్వే చెప్పేసుకున్నావట, ఎందుకూ?" చేతిలో కంచంతో గుమ్మంలోకి వచ్చి, తలుపు చట్రానికి భుజం ఆనించింది. యంత్రాల సంగతి ఆవిడకి ఎలా చెప్పాలా అని ఆలోచించి, మామూలు మాటల్లో చెప్పాను. నేను లేనప్పుడు నా చోటు పోతుందేమోనన్న భయంతో ఒకటి పెట్టి వెళ్ళానత్తయ్యా, దానికి వేరే పనేం లేదు, నేనున్నానని చూపించడమే దాని పని. తర్వాత ఆ చోటే పోయింది, ఆ భయమూ పోయింది. అది మాత్రం ఆగలేదు. ఎవరూ ఆపమనలేదు కనక మూడేళ్ళు నడుస్తూనే ఉంది, నా పేరు మీద, నాకే తెలియకుండా.

ఆవిడ ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపింది. ఇంకో ప్రశ్న వేస్తుందనుకున్నాను.

"మీ మామగారు భోజనానికి కూర్చుంటే, ఏ క్షణాన ఏం కావాలంటారోనని నేను ఇక్కడ, ఈ గుమ్మంలోనే నిలబడి నాలుగు ముద్దలు తినేదాన్ని. ఒకసారి కూర్చున్నాను, పెళ్ళయిన కొత్తలో. 'అప్పుడే కూర్చున్నావా,' అన్నారు. అంతే, ఇంకేం అనలేదు," అంది. మా ఆయన గిన్నెలోంచి తలెత్తాడు. ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి రోజూ చూస్తూనే ఉన్నాను ఆవిడని, ఆ గుమ్మంలో, చేతిలో కంచంతో. మోకాళ్ళ నొప్పులేమో, కూర్చుంటే లేవలేదేమో అనుకున్నాను. కొలవడం నా ఉద్యోగమని చెప్పుకు తిరిగే మనిషిని, ఒక్కసారి కూడా అడగలేదు.

"ఆయన పోయి ఆరేళ్ళయిందమ్మా," అంది మా అత్తగారు. "నేనింకా నిలబడే తింటున్నాను."

తర్వాత కొడుకు వైపు తిరిగి అంది, "ఆ కుర్చీ ఇటు లాగరా."